గోడ లేని ఘటం: ఇంధనం, గాలి కలిసిన మిశ్రమం నుంచి విద్యుత్తు – ఒక చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• దహనానికీ, ఇంధన ఘటంలో జరిగే చర్యకూ తేడా వివరించడం
• ఇంధన ఘటం చరిత్రలో ఇంధనాన్నీ గాలినీ వేరుగా ఉంచవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పడం
• ఒకే గది ఘన ఆక్సైడ్ ఇంధన ఘటం పుట్టుకనూ, పనితీరునూ, పరిమితులనూ చర్చించడం
• పులికాట్, సింహాద్రి ఉదాహరణల ఆధారంగా, ఒక ఆవిష్కరణ ప్రయోగశాల దాటి రావడానికి ఏమేమి కావాలో అంచనా వేయడం

1. పరిచయం

నిప్పు పుట్టాలంటే ఇంధనం, గాలి కలవాలి. పొయ్యి దగ్గర కూర్చున్న ప్రతి మనిషికీ తెలిసిన సంగతే ఇది. ఇంధన ఘటం నుంచి విద్యుత్తు రావాలంటే మాత్రం ఇంధనం, గాలి కలవకూడదని సుమారు నూట ఇరవై ఏళ్ళపాటు శాస్త్రజ్ఞులు నమ్మారు. ఆ నమ్మకానికి గట్టి కారణాలే ఉన్నాయి. అయినా 1960ల నుంచి కొందరు ఆ నియమాన్ని ప్రశ్నించారు. ఇంధనాన్నీ గాలినీ ముందే కలిపి, ఆ మిశ్రమాన్నే ఘటంలోకి పంపి విద్యుత్తు రాబట్టారు. ఈ భాగంలో ఆ ప్రయత్నాల చరిత్రను తెలుసుకుందాం.

ఈ చరిత్ర ఎక్కువగా యూరప్, జపాన్, అమెరికా ప్రయోగశాలల్లో నడిచింది. దీని మూలంలో ఉన్న ప్రశ్న మాత్రం మన ప్రాంతానికి కొత్త కాదు. ఇంధనాన్నీ, దాన్ని మండించే పదార్థాన్నీ కలిపి ఉంచాలా, విడిగా ఉంచాలా అన్నదే ఆ ప్రశ్న. తిరుపతి జిల్లా సూళ్ళూరుపేట, తడ మండలాలను ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సు ఒడ్డున ఈ ప్రశ్నకు నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

2. పులికాట్ ఒడ్డున: కలిపినవీ, విడదీసినవీ

స్థానికులు ప్రళయకావేరి అని కూడా పిలిచే పులికాట్, మన దేశంలో చిలికా తరవాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. దీని దక్షిణపు కొన ఇప్పుడు తమిళనాడులో ఉంది. పదిహేడవ శతాబ్దం ఆరంభంలో డచ్చి తూర్పు ఇండియా కంపెనీ వర్తకులు ఆ కొనలోని పట్టణంలో స్థిరపడి గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. పులికాట్ పేరు చెప్పగానే చరిత్ర పుస్తకాలు అద్దకం బట్టలను గుర్తుచేస్తాయి. అదే పట్టణంలో డచ్చివారు తుపాకీ మందు తయారుచేయించి ఆసియాలోని తమ స్థావరాలకు పంపిన సంగతి అంతగా ప్రచారంలో లేదు.

తుపాకీ మందులో మూడు సరుకులు ఉంటాయి: బొగ్గు, గంధకం, సురేకారం. మొదటి రెండూ ఇంధనాలు. మూడోది ఆక్సిజన్ అందిస్తుంది. ఈ మూడింటినీ మెత్తగా నూరి కలిపితే బయటి గాలితో పని లేకుండానే మండే పదార్థం తయారవుతుంది. మిశ్రమంలో ప్రతి ఇంధన రేణువు పక్కనే ఆక్సిజన్ సిద్ధంగా ఉంటుంది. అందుకే నిప్పురవ్వ తగిలిన క్షణంలో మొత్తం శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది.

మూడున్నర శతాబ్దాల తరవాత అదే సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం వెలిసింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఎస్‌ఎల్‌వి-3లోని నాలుగు దశలూ ఘన ఇంధనంతో నడిచాయి. ఇప్పటి పిఎస్‌ఎల్‌వి మొదటి దశ కూడా అంతే. రబ్బరు లాంటి ఒక పాలిమరు, అల్యూమినియం పొడి, ఆక్సిజన్ అందించే అమోనియం పెర్‌క్లోరేట్ లవణం – వీటిని కలిపి అచ్చుపోస్తే ఘన ఇంధనం తయారవుతుంది. సూత్రం దృష్ట్యా ఇది తుపాకీ మందుకు దూరపు చుట్టమే. రెండింటిలోనూ ఇంధనం, ఆక్సిజన్ అందించే పదార్థం ముందే కలిసి ఉన్నాయి.

అదే పిఎస్‌ఎల్‌వి రెండో దశలో పద్ధతి మారుతుంది. ఇక్కడ ఇంధనం ఒక ట్యాంకులో, ఆక్సీకరణి మరొక ట్యాంకులో ఉంటాయి. ఈ రెండు ద్రవాలు తాకితే చాలు, నిప్పు రాజేయకుండానే మండుతాయి. కాబట్టి ఇంజిన్ పనిచేయవలసిన క్షణం దాకా వాటిని విడిగా ఉంచక తప్పదు.

మూడో ఉదాహరణ ఇటీవలిది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి బయలుదేరిన పిఎస్‌ఎల్‌వి-సి58 ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలిపెట్టింది. తరవాత ఆ రాకెట్ నాలుగో దశను 350 కిలోమీటర్ల ఎత్తుకు దించి, పోయెమ్-3 అనే ప్రయోగ వేదికగా వాడుకున్నారు. దానిలో ఇస్రో ఒక ఇంధన ఘట వ్యవస్థను పరీక్షించింది. అధిక పీడనంలో నిల్వచేసిన హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల నుంచి అది 180 వాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేసింది. బయటికి వచ్చిన పదార్థం నీరు మాత్రమే. ఇందులో ఏ మంటా లేదు. హైడ్రోజన్ ఒక పక్క, ఆక్సిజన్ మరో పక్క ఉండగా వాటి మధ్య పలుచని పాలిమరు పొర ఒకటి అడ్డుగా నిలిచింది.

ఈ ఉదాహరణల నుంచి తేలే పాఠం స్పష్టంగానే కనిపిస్తుంది. కలిపితే పేలుడో మంటో వస్తుంది, విడదీస్తే విద్యుత్తు వస్తుంది. ఇంధన ఘటం చరిత్ర మొదటి వంద ఏళ్ళకు పైగా ఈ పాఠాన్నే బలపరిచింది.

3. విడదీయడం ఎందుకు? గ్రోవ్ నుంచి బౌర్ వరకు

దహనంలో అసలు ఏం జరుగుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి. ఇంధనంలోని అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయి, ఆక్సిజన్ వాటిని తీసుకుంటుంది. రెండూ పక్కపక్కనే ఉంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే జరిగిపోతుంది, శక్తి అంతా వేడిగా మారుతుంది. ఆ వేడితో ఆవిరి పుట్టించి, టర్బైను తిప్పి, జనరేటరు నడిపితే విద్యుత్తు వస్తుంది. మన థర్మల్ కేంద్రాలు చేసే పని ఇదే.

ఇంధనాన్నీ ఆక్సిజన్‌నూ విడిగా ఉంచి, ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా మాత్రమే వెళ్ళేలా చేస్తే? అప్పుడు ఆ తీగలో ప్రవహించేదే విద్యుత్తు. ఆవిరీ అక్కరలేదు, టర్బైనూ అక్కరలేదు. ఈ సూత్రాన్ని 1839 ప్రాంతంలో ఇద్దరు గమనించారు. ఒకరు స్విట్జర్లాండ్‌లో పనిచేసిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు షోన్‌బైన్. మరొకరు వేల్స్‌కు చెందిన విలియం గ్రోవ్. గ్రోవ్ వృత్తిరీత్యా న్యాయవాది, తరవాతి కాలంలో న్యాయమూర్తి కూడా అయ్యాడు. ఆయన ఒక గొట్టంలో హైడ్రోజన్, మరో గొట్టంలో ఆక్సిజన్ నింపి, ప్లాటినం పలకలు పెట్టి, వాటి అడుగు భాగాలను ఆమ్లంలో ముంచాడు. దీన్ని ఆయన వాయు బ్యాటరీ అన్నాడు. ఇంధన ఘటం అనే పేరు 1889లో లుడ్విగ్ మాండ్, చార్లెస్ లాంగర్ చేసిన పనితో వాడుకలోకి వచ్చింది.

గ్రోవ్ ఘటంలో ఆమ్లం రెండు పనులు చేసింది. అయానులను ఒక పక్క నుంచి మరో పక్కకు మోసింది. అదే సమయంలో రెండు వాయువులూ కలవకుండా అడ్డుగా నిలిచింది. ఈ పదార్థాన్నే విద్యుద్విశ్లేష్యం అంటాం. తరవాత వచ్చిన ఇంధన ఘటాల్లో విద్యుద్విశ్లేష్యం మారింది: ఆమ్లం, క్షారం, కరిగించిన లవణం, పాలిమరు పొర, పింగాణీ లాంటి ఘన పదార్థం. మోసుకుపోవడం, అడ్డుగా ఉండడం అనే ఆ రెండు బాధ్యతలు మాత్రం మారలేదు.

మన అంశానికి ముఖ్యమైనది వీటిలో చివరిది. జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్ 1890ల చివరిలో ఒక విశేషం గమనించాడు. జిర్కోనియం ఆక్సైడ్‌లో కొద్దిగా యిట్రియం ఆక్సైడ్ కలిపి బాగా వేడిచేస్తే, మామూలుగా విద్యుత్తును రానివ్వని ఆ పింగాణీ పదార్థం వాహకంగా మారుతుంది. ఆయన దానితో దీపం తయారుచేశాడు. ఆ పదార్థంలో కదిలేవి ఆక్సిజన్ అయానులని తరవాత తెలిసింది. 1937లో స్విట్జర్లాండ్‌లో ఎమిల్ బౌర్, ప్రైస్ అనే ఇద్దరు సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇటువంటి ఘన పదార్థంతో ఇంధన ఘటం నడిపి చూపించారు. ఘన ఆక్సైడ్ ఇంధన ఘటం చరిత్ర అక్కడ మొదలైంది.

4. గోడకు అయ్యే ఖర్చు

ఘన ఆక్సైడ్ ఘటానికి కొన్ని సుగుణాలు ఉన్నాయి. హైడ్రోజన్ ఒక్కటే కాదు, సహజవాయువు, ప్రొపేన్ వంటి ఇంధనాలతోనూ నడుస్తుంది. ప్లాటినం వంటి ఖరీదైన లోహం అవసరం లేదు, నికెల్ చాలు. ఇంధనంలోని శక్తిలో 50 నుంచి 60 శాతం వరకు విద్యుత్తుగా మార్చగలదు.

దీని కష్టమంతా వేడిలో ఉంది. 800 నుంచి 1000 డిగ్రీల దగ్గర పనిచేసే ఘటంలో ఇంధనం ఒక పక్క, గాలి మరో పక్క ఉండాలి. రెండింటినీ విడదీసే పింగాణీ పలక అంచుల్లో సందు లేకుండా మూసివేయాలి. ఇందుకు గాజు వంటి పదార్థంతో అతుకులు వేస్తారు. వేడెక్కినప్పుడు పింగాణీ ఒక తీరున, లోహం ఒక తీరున, గాజు ఒక తీరున వ్యాకోచిస్తాయి. ఘటాన్ని ఆపి చల్లార్చి, మళ్ళీ వేడిచేసినప్పుడల్లా అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. ఒక్కచోట బీట వేస్తే వాయువులు కలుస్తాయి, అక్కడ మంట పుడుతుంది, బీట పెద్దదవుతుంది. ఇంట్లో పింగాణీ గిన్నెను పొయ్యి మీది నుంచి దించి చన్నీళ్ళలో పెడితే ఏమవుతుందో తెలిసినవారికి ఈ సమస్య వివరించనక్కరలేదు.

అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఇంజనీర్లు ఘటాన్ని పలకగా కాక, ఒక కొన మూసిన గొట్టంగా తయారుచేసి ఈ సమస్యను కొంత దాటారు. గొట్టం లోపల గాలి, బయట ఇంధనం. వేడి భాగంలో అతుకులు దాదాపు అక్కరలేదు. కానీ పొడవైన పింగాణీ గొట్టాలు తయారుచేయడం ఖర్చుతో కూడిన పని, పైగా వాటిలో విద్యుత్తు ఎక్కువ దూరం ప్రయాణించవలసి వచ్చింది. గోడను మరింత తెలివిగా కట్టడం ఒక మార్గం. అసలు గోడే లేకుండా చేయలేమా అని అడగడం మరో మార్గం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. విద్యుద్విశ్లేష్యం నిర్వహించే రెండు బాధ్యతలు ఏవి?
2. ఘన ఆక్సైడ్ ఘటంలో అతుకులు ఎందుకు త్వరగా దెబ్బతింటాయి?

5. గోడ లేకుండా ఎలా? ఒక పోలిక

ఇంధనం, గాలి కలిసిన ఒకే మిశ్రమంలో రెండు ఎలక్ట్రోడులు ఉంచితే వాటి మధ్య ఓల్టేజి ఎందుకు రావాలి? రెండు చోట్లా ఒకే మిశ్రమం ఉంది కదా? మీలో చాలామందికి వచ్చే సందేహం ఇదే. అప్పటి శాస్త్రజ్ఞులకూ ఇదే సందేహం వచ్చింది.

దీనికి జవాబు పులికాట్ వంటి సరస్సుల బురదలో దొరుకుతుంది. లోతు తక్కువైన ఉప్పునీటి సరస్సుల అడుగున పైపొర గోధుమ రంగులో ఉంటుంది. కొద్దిగా తవ్వితే నల్లటి బురద వస్తుంది, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. పైపొరలో ఆక్సిజన్ ఉంది, కింద లేదు. రెండింటి మధ్య ఎవరూ గోడ కట్టలేదు. నీటి నుంచి కిందికి దిగే ఆక్సిజన్‌ను బురదలోని సూక్ష్మజీవులు దిగీ దిగగానే వాడేస్తాయి. వాడకం రాక కంటే వేగంగా ఉన్నంత కాలం కింది బురదకు ఆక్సిజన్ చేరదు. అంటే, ఒక చోట వేగంగా జరిగే చర్యే అక్కడ గోడ చేసే పని చేస్తోంది. ఈ తేడా నిజమైనదే. బురదలో ఒక ఎలక్ట్రోడు, పైనీటిలో మరొకటి ఉంచి కొద్దిపాటి విద్యుత్తు రాబట్టే ప్రయోగాలు 2000 తరవాత సముద్రతీరాల్లో జరిగాయి కూడా.

ఒకే గది ఘటంలో సూక్ష్మజీవుల పని ఉత్ప్రేరకం చేస్తుంది. రెండు ఎలక్ట్రోడులనూ రెండు వేర్వేరు పదార్థాలతో చేస్తారు. మీథేన్, గాలి మిశ్రమాన్ని ఉదాహరణగా తీసుకొని జరిగేది వరసగా చూద్దాం.

ఆనోడులో నికెల్ ఉంటుంది. వేడి నికెల్ మీద మీథేన్ కొద్దిపాటి ఆక్సిజన్‌తో చర్య జరిపి హైడ్రోజన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. దీన్ని పాక్షిక ఆక్సీకరణం అంటారు. దానితో ఆనోడు చుట్టూ ఉన్న ఆక్సిజన్ దాదాపు అంతా ఖర్చవుతుంది.

కాథోడు మరో రకం పదార్థం. అది ఆక్సిజన్‌ను పట్టుకొని అయానుగా మారుస్తుంది కానీ ఇంధనాన్ని మండించడానికి తోడ్పడదు. కాబట్టి అక్కడ ఆక్సిజన్ నిలిచి ఉంటుంది.

ఇప్పుడు ఒక ఎలక్ట్రోడు దగ్గర ఆక్సిజన్ ఉంది, మరొక దాని దగ్గర లేదు. రెండు గదుల ఘటంలో గోడ తెచ్చిన తేడానే ఇక్కడ రెండు ఉత్ప్రేరకాల ఎంపిక గుణం తెచ్చింది. కాథోడు దగ్గర పుట్టిన ఆక్సిజన్ అయానులు పింగాణీ గుండా ఆనోడుకు చేరతాయి. అక్కడ హైడ్రోజన్‌తోనూ కార్బన్ మోనాక్సైడ్‌తోనూ కలిసి నీటిని, కార్బన్ డయాక్సైడ్‌ను ఏర్పరుస్తాయి, ఎలక్ట్రాన్లను వదులుతాయి. ఆ ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా కాథోడుకు తిరిగి వస్తాయి.

ఇక్కడ పింగాణీ అయానులను మోస్తే చాలు, వాయువులను అడ్డుకోనక్కరలేదు. దానికి రంధ్రాలున్నా ఫర్వాలేదు. రెండు ఎలక్ట్రోడులనూ పలకకు ఒకే వైపు పక్కపక్కన పెట్టినా ఘటం పనిచేస్తుంది. గాజు అతుకుల అవసరం అసలే ఉండదు.

6. ఆలోచన నుంచి ప్రయోగానికి: 1961–2005

ఈ ఆలోచన ఒక్కరి బుర్రలో ఒక్క రోజు పుట్టలేదు. ఫ్రాన్స్‌లో ఎరో, ఆయన సహచరులు 1961లో కలిసిన వాయువులతో పనిచేసే ఘటం గురించి ప్రకటించారు. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ సంస్థ పరిశోధకుడు వాన్ గోల్ 1965లో, ఎంపిక గుణమున్న ఎలక్ట్రోడులు ఉంటే మిశ్రమంలోనే ఇంధన ఘటం నడపవచ్చని సిద్ధాంత స్థాయిలో వివరించాడు. అదే 1965 ఆగస్టులో అమెరికా జెమిని-5 వ్యోమనౌకలో ఇంధన ఘటాన్ని మొదటిసారి అంతరిక్షంలో వాడింది. అంతరిక్ష యాత్రలకు కావలసినది భద్రత, నమ్మకం. డబ్బుకు లోటు లేదు. కాబట్టి నిధులన్నీ గోడ ఉన్న ఘటాల వైపే వెళ్ళాయి. వాన్ గోల్ ఆలోచన చాలా కాలం కాగితం మీదే మిగిలింది.

1990లో అమెరికాలో బెల్‌కోర్ ప్రయోగశాలకు చెందిన క్రిస్టఫర్ డయర్ నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. రెండు ప్లాటినం పొరల మధ్య ఒక మైక్రోమీటరు కంటే పలుచని అల్యూమినా తరహా పొరను ఉంచి, హైడ్రోజన్, గాలి కలిసిన మిశ్రమంలో పెడితే గది ఉష్ణోగ్రత దగ్గరే సుమారు ఒక ఓల్టు వచ్చింది. అందులో ఎలక్ట్రోడులు రెండూ ప్లాటినమే కావడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. తరవాత చర్చలో ఒక విషయం ముందుకు వచ్చింది: పదార్థం ఒకటే అయినా రెండు ఎలక్ట్రోడులకూ వాయువులు ఒకే తీరున అందకపోతే తేడా ఏర్పడుతుంది.

1993లో జపాన్‌లో హిబినో, ఇవహర ఘన ఆక్సైడ్ ఘటాన్ని మీథేన్, గాలి మిశ్రమంతో నడిపి చూపారు. 1995లో రీస్, వాన్ డెర్ పుట్, స్కూన్‌మాన్ అనే ముగ్గురు ఇటువంటి ఘటాల సిద్ధాంతాన్ని విశ్లేషించారు. అప్పటిదాకా వచ్చిన శక్తి మాత్రం స్వల్పం.

మలుపు 2000లో వచ్చింది. హిబినో బృందం సైన్స్ పత్రికలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సమారియం కలిపిన సీరియం ఆక్సైడ్‌ను విద్యుద్విశ్లేష్యంగా వాడిన ఘటం ఈథేన్ లేదా ప్రొపేన్ కలిసిన గాలిలో సుమారు 900 మిల్లీవోల్టులు ఇచ్చింది. గరిష్ఠ శక్తి 500 డిగ్రీల దగ్గర చదరపు సెంటీమీటరుకు 403 మిల్లీవాట్లు, 350 డిగ్రీల దగ్గర 101 మిల్లీవాట్లు. బౌర్, ప్రైస్‌ల 1000 డిగ్రీలతో పోల్చి చూడండి. ఉష్ణోగ్రత సగానికి, అంతకంటే కిందికి దిగింది.

2005లో షావో, సోసినా హైలె, వారి సహచరులు నేచర్ పత్రికలో మరో అడుగు ప్రకటించారు. రెండు చిన్న ఘటాలను పక్కపక్కన పెట్టి ప్రొపేన్, గాలి మిశ్రమాన్ని పంపారు. ఆనోడు మీద జరిగే పాక్షిక ఆక్సీకరణం వేడిని విడుదల చేస్తుంది కదా, ఆ వేడే ఘటాన్ని పనిచేసే ఉష్ణోగ్రత దగ్గర నిలబెట్టింది. ఒకసారి మొదలైన తరవాత బయటి కొలిమితో పని లేకపోయింది. మొత్తం 1.42 చదరపు సెంటీమీటర్ల కాథోడు నుంచి సుమారు 350 మిల్లీవాట్ల శక్తి వచ్చింది. చేతిలో పట్టే చిన్న పరికరాలను గ్యాసుతో నడపవచ్చన్న ఆశ అప్పుడు బలంగా కలిగింది.

7. బజారుకు ఎందుకు రాలేదు?

ఇన్ని ఫలితాలు వచ్చినా ఒకే గది ఘటం నేటికీ దుకాణాల్లో దొరికే వస్తువు కాలేదు. కారణాలు మూడు.

మొదటిది సామర్థ్యం. ఎంపిక గుణం ఎన్నడూ నూటికి నూరు పాళ్ళు ఉండదు. కాథోడు కూడా కొంత ఇంధనాన్ని మండిస్తుంది. ఆనోడు దగ్గర పాక్షిక ఆక్సీకరణంలోనే ఇంధనంలోని కొంత శక్తి వేడిగా పోతుంది. ఘటాన్ని తాకకుండానే దాటిపోయే ఇంధనం ఇంకొంత. దీనివల్ల రెండు గదుల ఘటం అందించే 50–60 శాతానికి ఇది చాలా దూరంలో ఉండిపోయింది. గోడ కట్టే ఖర్చు తప్పింది కానీ ఆ ఖర్చును ఇంధనం రూపంలో చెల్లించవలసి వచ్చింది.

రెండోది భద్రత. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం వరకు ఉంటే ఆ మిశ్రమం పేలగలదు. హైడ్రోజన్ విషయంలో ఈ హద్దులు 4 నుంచి 75 శాతం. రెండు పాళ్ళ మీథేన్‌కు ఒక పాలు ఆక్సిజన్ చొప్పున కలిపితే, గాలి మిశ్రమంలో మీథేన్ సుమారు 30 శాతం ఉంటుంది. అంటే మామూలు ఉష్ణోగ్రతలో పై హద్దు దాటినట్లే. కానీ వేడి పెరిగే కొద్దీ ఈ హద్దులు విస్తరిస్తాయి. మిశ్రమం పాళ్ళు తప్పకుండా చూసుకోవడం ప్రయోగశాలలో సులువే, ఇంట్లో అంత సులువు కాదు. పులికాట్ తుపాకీ మందు నేర్పిన పాఠం ఇక్కడా వర్తిస్తుంది.

మూడోది పోటీ. 2005 తరవాత చేతి పరికరాల్లో లిథియం బ్యాటరీ స్థిరపడింది. గ్యాసు డబ్బా, వేడి భాగాలు ఉన్న పరికరాన్ని జేబులో పెట్టుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. పరిశోధకులు వేరే తావులు వెతికారు. వాహనం పొగగొట్టం నుంచి వచ్చే వాయువులో మండని ఇంధనం, మిగిలిన ఆక్సిజన్ కలిసే ఉంటాయి. వృథాగా పోయే ఆ మిశ్రమం నుంచి విద్యుత్తు రాబట్టే ప్రయోగాలు జపాన్‌లో 2008 ప్రాంతంలో జరిగాయి. ఇంధనం ఎలాగూ వృథా అయ్యే చోట తక్కువ సామర్థ్యం పెద్ద లోపం కాదు. ఈ ఆలోచన దిశ సరైనదే, ఫలితం ఇంకా ప్రయోగ స్థాయిలోనే ఉంది.

8. మన రాష్ట్రంలో: సింహాద్రి

ఘన ఆక్సైడ్ సాంకేతికత మన రాష్ట్రంలోకి గోడ ఉన్న రూపంలోనే వచ్చింది. 2021 డిసెంబరులో ఎన్‌టిపిసి తన సింహాద్రి కేంద్రంలో హైడ్రోజన్ ఆధారిత మైక్రోగ్రిడ్ ప్రాజెక్టును ప్రకటించింది. విశాఖపట్నం దగ్గరి ఆ కేంద్రంలో బొగ్గు విద్యుత్తుతో పాటు, జలాశయం మీద తేలే సౌర ఫలకాలు కూడా ఉన్నాయి. ప్రకటించిన పథకం ప్రకారం పగలు ఆ సౌర విద్యుత్తుతో 240 కిలోవాట్ల ఘన ఆక్సైడ్ ఎలక్ట్రోలైజరు నీటి నుంచి హైడ్రోజన్ తీస్తుంది. దాన్ని అధిక పీడనంలో నిల్వచేస్తారు. సాయంత్రం 5 గంటల నుంచి ఉదయం 7 గంటల వరకు 50 కిలోవాట్ల ఘన ఆక్సైడ్ ఇంధన ఘటం ఆ హైడ్రోజన్‌ను తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది.

240, 50 అనే రెండు అంకెలనూ పక్కపక్కన ఉంచి ఆలోచించండి. పగలు కొద్ది గంటలే ఎండ ఉంటుంది, రాత్రి పద్నాలుగు గంటలు విద్యుత్తు కావాలి. తయారీలో, నిల్వలో, తిరిగి మార్చడంలో ప్రతి మెట్టు దగ్గరా కొంత శక్తి పోతుంది. ఇటువంటి వ్యవస్థలో హైడ్రోజన్ ప్రతి చుక్కా ఖరీదైనదే. అక్కడ ఇంధనాన్ని వృథా చేసే ఒకే గది ఘటానికి చోటు లేదు. అతుకులకు, గోడలకు ఎంత ఖర్చయినా రెండు గదుల ఘటమే తగినది. కాబట్టి ఏ ఘటం మేలైనదన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు లేదు. ఏ చోట, ఏ ఇంధనంతో, ఎవరి ఖర్చుతో అన్నవి కూడా అడగాలి.

పర్యావరణం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇంధన ఘటం అనగానే కాలుష్యం లేనిదని పత్రికలు రాస్తాయి. హైడ్రోజన్‌తో నడిస్తే, ఆ హైడ్రోజన్ కూడా సౌర విద్యుత్తుతో వచ్చినదైతే ఆ మాట నిజానికి దగ్గరగా ఉంటుంది. మీథేన్, ప్రొపేన్‌లతో నడిచే ఘటం కార్బన్ డయాక్సైడ్‌ను వదలక తప్పదు. ఒకే గది ఘటం నుంచి మండని మీథేన్ బయటపడితే నష్టం ఇంకా ఎక్కువ. భూతాపాన్ని పెంచడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు బలమైనది. సముద్రమట్టం పెరిగితే మొదట నష్టపోయే ప్రదేశాల్లో పులికాట్ వంటి లోతు తక్కువ సరస్సులూ, వాటి మీద బతికే మత్స్యకార గ్రామాలూ ఉన్నాయి. కొత్త పరికరాన్ని అంచనా వేసేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టలేం.

9. చరిత్ర విద్యార్థికి ఈ కథ ఎందుకు?

విజ్ఞానశాస్త్ర చరిత్రను గెలిచిన ఆవిష్కరణల జాబితాగా చదవడం మనకు అలవాటు. ఆ పద్ధతిలో ఒకే గది ఘటానికి ఒక్క వాక్యం కూడా దక్కదు. అది ఏ గ్రామానికీ వెలుగు ఇవ్వలేదు, ఏ రాకెట్టులోనూ ఎగరలేదు. అయినా దాని నుంచి మనం నేర్చుకోవలసినది ఉంది.

ఇంధనాన్నీ గాలినీ గోడతో విడదీయాలన్నది ప్రకృతి నియమమని అందరూ అనుకున్నారు. నిజానికి ప్రకృతి కోరింది రెండు ఎలక్ట్రోడుల దగ్గర పరిస్థితులు వేరుగా ఉండాలని మాత్రమే. గోడ ఆ కోరిక తీర్చే ఒక మార్గం. వాన్ గోల్, డయర్, హిబినో, హైలె మరో మార్గం చూపారు. అవసరానికీ, ఆ అవసరాన్ని తీర్చే అలవాటైన పద్ధతికీ తేడా గుర్తించడం వారి పనిలోని అసలు విలువ. అదే సమయంలో, తేడాను నిలబెట్టడానికి ఎక్కడో ఒక చోట మూల్యం చెల్లించాలన్న సంగతి మారలేదు. గోడ పెడితే అతుకుల్లో చెల్లిస్తాం, గోడ తీసేస్తే ఇంధనంలో చెల్లిస్తాం.

ఒక కొత్త శక్తి పరికరం గురించి మీరు వార్త చదివినప్పుడు ఎన్ని వాట్లు వచ్చాయని అడిగి ఊరుకోకండి. ఎంత ఇంధనానికి వచ్చాయి, ఎంతకాలం వచ్చాయి, మిగిలిన ఇంధనం ఎటు పోయింది అని కూడా అడగండి. విజ్ఞానశాస్త్ర చరిత్ర చదివినవారు ఈ ప్రశ్నలు అడగగలగాలి.

10. సారాంశం

దహనంలో ఎలక్ట్రాన్లు ఇంధనం నుంచి ఆక్సిజన్‌కు నేరుగా చేరతాయి, ఇంధన ఘటంలో బయటి తీగ గుండా చేరతాయి. 1839 నుంచి ఇంధన ఘటాల్లో విద్యుద్విశ్లేష్యం అయానుల వాహకంగానూ, వాయువుల మధ్య గోడగానూ పనిచేసింది. ఘన ఆక్సైడ్ ఘటాల్లో అధిక ఉష్ణోగ్రత వల్ల ఆ గోడ అతుకులు సమస్యగా మారాయి. 1960ల్లో మొదలై 2000, 2005 ఫలితాలతో బలపడిన ఒకే గది ఘటంలో గోడ స్థానాన్ని ఉత్ప్రేరకాల ఎంపిక గుణం తీసుకుంది. సామర్థ్యం తక్కువ కావడం, మిశ్రమం పేలే ప్రమాదం, బ్యాటరీల పోటీ దాన్ని ప్రయోగశాలకు పరిమితం చేశాయి. శ్రీహరికోట నుంచి వెళ్ళిన పోయెమ్-3 ప్రయోగం, సింహాద్రి పథకం రెండూ గోడ ఉన్న ఘటాలనే ఎంచుకున్నాయి. ఆ ఎంపికకు కారణాలు వాటి అవసరాల్లోనే ఉన్నాయి.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వరసల్లో సమాధానాలు రాయండి.

1. ఒకే గది ఘన ఆక్సైడ్ ఇంధన ఘటం పనిచేసే తీరును వివరించి, 1961 నుంచి 2005 వరకు దాని పరిణామాన్ని చర్చించండి.
2. తుపాకీ మందు, రాకెట్ ఘన ఇంధనం, ఇంధన ఘటం – ఈ మూడింటిలో ఇంధనానికీ, ఆక్సిజన్ అందించే పదార్థానికీ ఉన్న సంబంధాన్ని పోల్చండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వరసల్లో సమాధానాలు రాయండి.

1. ఉత్ప్రేరకం ఎంపిక గుణం అంటే ఏమిటి? సరస్సు అడుగు బురదతో పోల్చి రాయండి.
2. సింహాద్రి పథకానికి రెండు గదుల ఘటం ఎందుకు తగినది?
3. ఒకే గది ఘటం వాడకంలోకి రాకపోవడానికి గల కారణాలలో మీ దృష్టిలో ముఖ్యమైనది ఏది? ఎందుకు?